సీజన్ వాసన

మొదటే చెప్తున్నాను, అది మంచి వాసన కాదు.

ఈమధ్య పాత రోజుల గురించి మాట్లాడేవాళ్లంతా ప్రతిదానికీ చక్కెర కలిపేస్తున్నారు. మా స్కూలు స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒకరు పలక ఫోటోనో, ఇసుర్రాయి ఫోటోనో, కిరోసిన్ స్టవ్ ఫోటోనో పెట్టి ‘ఆ రోజులే వేరు’ అని రాస్తారు. ఆ స్టవ్‌ను పిన్నుతో పొడిచి పొడిచి, అది అంటుకోక ఏడ్చింది మేమే. నాకు ఒళ్లు మండుతుంది కానీ ఏమీ అనను. మొన్న ఒకామె బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి రాస్తూ ‘ఊరంతా పాకం వాసన’ అని పెట్టింది. పాకమట! ఆమె పుట్టిందీ పెరిగిందీ నిజామాబాద్‌లో. బోధన్ ఎప్పుడైనా వెళ్తే ఏ పెళ్లికో వెళ్లి ఉంటుంది, అదీ ఎండాకాలంలో, ఫ్యాక్టరీ ఆగి ఉన్నప్పుడు.

నేను విన్నది కాదు, పీల్చింది చెప్తున్నాను. చెరుకు రసం ఉడికే వాసన అందులో ఉండేది, నిజమే. కానీ దాని వెనక తడిసిన పిప్పి వాసన ఉండేది, బాయిలర్ల బూడిద వాసన ఉండేది, అన్నిటికంటే అడుగున మడ్డి వాసన ఉండేది. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవాన్ని మడ్డి అంటారు. అది పులిస్తే కొత్తవాళ్లకు కడుపులో తిప్పేది. తీపీ కుళ్లూ కలిసిన ఆ వాసన నోట్లో పెట్టుకున్న అన్నం ముద్దలోకి కూడా వచ్చేది. మా మేనమామను పెళ్లి చేసుకుని ఆ వైపు కాపురానికి వచ్చిన మొదటి చలికాలం మా అత్తమ్మ సగం అన్నం కూడా తినలేకపోయిందట. మరుసటి చలికాలానికి ఆమెకు అసలు వాసనే తెలియలేదట.

సీజన్ అనే మాటకు అక్కడ ఒకటే అర్థం ఉండేది. దీపావళి దాటాక బాయిలర్లు అంటుకున్న నాటి నుంచి ఎండలు ముదిరేదాకా ఫ్యాక్టరీ చెరుకు ఆడే కాలం. మనుషులు పుట్టడం, బర్రె ఈనడం, అల్లుడు అలగడం, అన్నీ సీజన్‌కు ముందో తర్వాతో అని చెప్పుకునేవారు. నేను సీజన్ నడుమ పుట్టాను. బడిలో వేసేటప్పుడు సారు పుట్టిన తేదీ అడిగితే మా అవ్వ అదే చెప్పింది. ఆయనకు అర్థం కాలేదో, ఓపిక లేదో, జూన్ అని రాసుకున్నాడు. నా కాగితాలన్నిటిలో నేను ఇప్పటికీ వానాకాలం బిడ్డనే.

మా వైపు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. మా అవ్వ పుట్టిల్లు బోధన్ దగ్గరి ఒక చిన్న ఊరు. చుట్టూ చెరుకు. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఇంటి వెనక నుంచే పోయేవి. అక్కడి నుంచి ఆమెను తెచ్చి నిజామాబాద్‌లో ఇరుకు గల్లీలోకి ఇచ్చారు. బాపుకు సైకిల్ రిపేరు దుకాణం ఉండేది. గల్లీలో ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవాళ్లు, అవ్వ కూడా నేర్చుకుంది. చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ, కత్తెర. పొద్దున ఇంటి పని కాగానే అరుగు మీద కూర్చుంటే మళ్లీ లేచేది మా ఆకలికే. మా ఇంటి వాసన తంబాకు వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు “నీ దగ్గర బీడీ కంపొస్తుంది” అని జరిగి కూర్చుంది. నేను దాన్ని గట్టిగా గిల్లాను. దానికి సారు నన్ను ఎండలో నిలబెట్టాడు. ఇప్పుడు గ్రూపులో పలక ఫోటోలు పెట్టేవాళ్లలో ఆ పిల్ల కూడా ఉంది.

తంబాకు వాసనను అవ్వ ఎన్నడూ తనది అనుకోలేదు. పెళ్లయి అన్నేళ్లయినా, నలుగురు పిల్లల్ని కన్నా, ఆమె ముక్కు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది. ఇది నాకు బస్సులో తెలిసింది.

చలికాలం సెలవులకు బోధన్ బస్సెక్కేవాళ్లం. ఎక్కగానే అవ్వ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను సీటుకు తలానించి నిద్రపోయేది. ఏడాదంతా సరిపోని నిద్ర ఆ బస్సులోనే తీర్చుకునేది. ఎవరు దిగినా, ఎవరు పోట్లాడుకున్నా లేచేది కాదు. పొలాల మధ్య ఒక మలుపు వచ్చేది. ఆ మలుపు తిరగగానే బస్సులోకి గాలి మారి వచ్చేది. అవ్వ కళ్లు తెరవకుండానే “వచ్చినం” అనేది. కళ్లు మూసుకునే చెప్పులు వెతుక్కునేది. ఆమె మొహంలో అప్పుడు కనిపించే తేట మా ఇంట్లో పండుగనాడు కూడా నేను చూడలేదు.

అదే మలుపులో పట్నం ఆడవాళ్లు గబగబా కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకునేవాళ్లు. మగవాళ్లు దస్తీలు తీసేవాళ్లు. ఒకసారి మా ముందు సీటులో బాగా బంగారం వేసుకున్న ఆమె “ఛీ, ఎట్లుంటరో ఈడ మనుషులు” అంది. అవ్వ ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. బాపు తిట్టినా తల వంచుకుని ఆకు కత్తిరించేది. ఆ రోజు మాత్రం నిద్రలోంచి లేచి, ముందుకు వంగి, ఆమె భుజం మీద తట్టింది.

“ముక్కు మూస్తరేందమ్మా? గది మా అన్నం.”

ఆ బంగారపామె ఏదో గొణిగింది కానీ కొంగు తీయలేదు. అవ్వ దిగేదాకా ఆమె వైపే చూస్తూ కూర్చుంది. నాకు సిగ్గనిపించి కిటికీలోంచి తల బయట పెట్టాను. బయట ఎడ్లబండ్ల వరుస. చెరుకు గడలు బండి వెనక నేలను రాస్తూ పోతుంటే, మహారాష్ట్ర నుంచి కోతకొచ్చినవాళ్ల పిల్లలు పక్కనే నడుస్తూ మరాఠీలో కేకలు వేసుకుంటున్నారు.

మేనమామ ఊళ్లో ఈ వాసన గురించి నేను ఎవరితో మాట్లాడినా లాభం ఉండేది కాదు. మామ పిల్లల్ని “ఇంత వాసనల ఎట్లుంటరే?” అని అడిగితే వాళ్లు నన్ను వింతగా చూసి “ఏం వాసన?” అనేవాళ్లు. నాకు అబద్ధమాడుతున్నారనిపించి కోపం వచ్చేది. మామనడిగాను. ఆయనా అంతే.

“మొదటి దినం తెలుస్తది బిడ్డా. బాయిలర్లు అంటుకున్ననాడు చెరుకుల నిలబడి మొహం పైకెత్తుత. వస్తది. ‘ఆ, అంటుకుంది’ అనుకుంట. అటెన్క తెల్వది. మనకు మన ఒంటి వాసన తెలుస్తదా?”

ఆయన ఊరికి ఫ్యాక్టరీ చిమ్నీ కనబడదు. సైరన్ కూడా గాలి ఇటు ఉంటేనే వినబడేది. సీజన్ వచ్చిందని వాళ్లకు చెప్పేది ఆ మొదటి రోజు వాసనే. మామ ఆ రోజు చెరుకులో నిలబడి మొహం ఎత్తి గాలి పీల్చి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అత్తమ్మకు చెప్పేవాడు. ఆమె వెళ్లి పక్కింట్లో చెప్పేది, పక్కింటివాళ్లకు అప్పటికే తెలిసి ఉన్నా సరే.

చెరుకు బండి ఫ్యాక్టరీకి తోలితే తూకం అయ్యేదాకా అక్కడే పడుండాలి. చలికి బండి కింద గొంగడి కప్పుకుని పడుకునేవాడు మామ. నల్ల గొర్రెబొచ్చు గొంగడి, వాళ్ల నాన్నది. బూడిద దాని మీదే పడేది, మడ్డి ఆవిరి దానిలోకే ఎక్కేది. గొంగడిని ఎవరూ ఉతకరు. ఎండలో వేసి కట్టెతో కొట్టి దులుపుతారు, అంతే. ఎన్ని సీజన్ల వాసన అందులో పేరుకుందో ఎవరికీ తెలియదు.

తూకమయ్యాక మామ అప్పుడప్పుడు బండిని తోటివాళ్లకు అప్పజెప్పి, చెల్లెను చూసి పోదామని నిజామాబాద్ వచ్చేవాడు. భుజాన గొంగడి, చేతిలో రెండు చెరుకు గడలు. గల్లీ మొదట్లో ఉండగానే మా ఇంట్లో తెలిసిపోయేది. బాపు “వచ్చిండు మీ అన్న, ఫ్యాక్టరీ నెత్తిన పెట్టుకొని” అని ఎగతాళి చేసేవాడు. అవ్వ ఎదురెళ్లి ముందు గొంగడి అందుకునేది, తర్వాతే నీళ్ల చెంబు ఇచ్చేది. మామ తిని గంజ్ బజారు దిక్కు పని మీద పోతే, సాయంత్రం తిరిగొచ్చేదాకా గొంగడి మా ఇంట్లోనే ఉండేది. అవ్వ దాన్ని దండెం మీద వేయదు, ఎండలో వేయదు. నాలుగు మడతలు పెట్టి అరుగు మీద పరుచుకుని, దాని మీద కూర్చుని బీడీలు చుట్టేది. గొంగడికి తంబాకు పొడి పట్టుకుంటే వదలదు. గల్లీలో ఎవరూ అట్లా కూర్చోరు. పక్కింటామె అడిగేది, “గంత ఎండ కొడుతుంటే గొంగడెందుకే?”

“సలి పెడుతుంది” అనేది అవ్వ, చెమట తుడుచుకుంటూ.

ఆ రోజు ఆమె చుట్టిన బీడీలు ఎప్పటికంటే తక్కువ అయ్యేవి. మధ్యమధ్యలో చేతులాపి కూర్చునేది. నాకప్పుడు తెలియలేదు. సలి అన్నది కదా, సలే అనుకున్నాను.

తర్వాత ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, పుట్టింటికి రెండు గల్లీల అవతల ఇల్లు. బాపు పోయాడు. బోధన్‌లో ఫ్యాక్టరీ మూస్తారట, లేదట, తెరుస్తారట అని ఒక ఏడాది ఒకలా, ఇంకో ఏడాది ఇంకోలా వింటూ వచ్చాం. సీజన్ ఆలస్యమయ్యేది, తగ్గేది, మళ్లీ ఏదోలా అంటుకునేది. ఆఖరికి ఒక దీపావళి దాటింది, కార్తీకం దాటింది, బాయిలర్లు అంటుకోలేదు. ఆ పేపర్ల సంగతులు ఇక్కడ రాయను, అవి రాసేవాళ్లు వేరే ఉన్నారు. ఆ చలికాలం మా మామ చేసిన పని మాత్రం రాస్తాను.

ఆయన ముక్కు చూపించుకోవడానికి నిజామాబాద్ వచ్చాడు.

అప్పుడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. మామ అరుగు మీద కూర్చుని, చెప్పులు ఒక పక్కకు సర్ది, పెద్ద జబ్బు సంగతి చెప్పేవాడిలా గొంతు తగ్గించి చెప్పాడు. “చెల్లె, నా ముక్కు పాడైంది. దినాం చెరుకుల నిలబడి సూస్తున్న. ఏం వస్తలేదు.”

నాకు నవ్వాగలేదు. “మామా, ఫ్యాక్టరీ బందైతే వాసనెట్లొస్తది?”

“గట్లనే అంటరు బిడ్డా అందరు. నిరుడు గూడ అన్నరు. కొంచెం లేటైతది, అంతే. నా ముక్కే పాడైంది. మొన్న మీ అత్త పోపేస్తే గూడ తెల్వలే.”

అవ్వ నా వైపు చూసిన చూపుకు నా నవ్వు ఆగిపోయింది. నేనే ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు లైటు వేసి చూసి, స్పిరిట్‌లో ముంచిన దూది మామ ముక్కు దగ్గర పెట్టాడు. మామ ఉలిక్కిపడి తల వెనక్కి తీశాడు, కళ్లల్లో నీళ్లొచ్చాయి. “ముక్కు బ్రహ్మాండంగా ఉంది పెద్దాయనా, కొంచెం జలుబు” అని డాక్టరు నవ్వి పంపించాడు. బయటికి రాగానే మామ చెప్పాడు: “గది దవాఖాన వాసన. గది తెలిసేటందుకు ముక్కెందుకు? కండ్లు చాలు.”

ఆ రోజు గొంగడి తేలేదు. బండి లేదు, తూకం లేదు, గొంగడితో పనేముంది. మామ తెల్లటి తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన పోయాక అవ్వ, “మా అన్న గాదు గీయన, ఎవరో చుట్టమొచ్చి పోయినట్లుంది” అంది. బీడీ మూతి మడుస్తూ అన్నది, తల ఎత్తలేదు.

ఊళ్లో అందరూ వరికీ మక్కకూ మారిపోయారు. మామ బావి దగ్గర ఒక చిన్న చెక్క నేలలో మాత్రం చెరుకు వేస్తూనే ఉన్నాడు. కొడుకులు కోప్పడితే “విత్తనం పోవద్దు” అనేవాడు. దీపావళి దాటగానే ఆ చెక్కలో నిలబడి మొహం ఎత్తేవాడు. తర్వాత ఇంటికి పోయి అత్తమ్మతో “ఇయ్యాల గూడ తెల్వలే” అనేవాడు. ఆమె ఏమనేదో నాకు తెలియదు.

అవ్వకు ఆయాసం మొదలైంది. ఏళ్లకేళ్లు తంబాకు పొడి పీల్చిన గుండె అది. నా దగ్గరికి తెచ్చుకున్నాను. పొగ తగలొద్దు, దుమ్ము తగలొద్దు అన్నారు. అన్నం సయించేది కాదు. ఏది వండినా ఒక ముద్ద తిని పళ్లెం జరిపేసేది. నేను తిట్టేదాన్ని. నా ప్రేమ ఎప్పుడూ తిట్టులాగే బయటికొస్తుంది. ఒక మధ్యాహ్నం అలాగే తిడుతుంటే, అవ్వ గోడ వైపు తిరిగి, “సీజన్ వాసన ఒక్కపారి వస్తే జర అన్నం దిగుతుండె” అంది.

నలుగురు పిల్లల్ని సాకింది, ఒక్కనాడు ఫలానాది కావాలని అడిగిన మనిషి కాదు. చీర కావాలనలేదు, గాజులు కావాలనలేదు. ఆఖరికి నోరు తెరిచి అడిగితే ఇది అడిగింది. నేను ఎక్కడి నుంచి తేను?

అయినా ఊరుకోలేదు. బండి మీద చెరుకు రసం అమ్మే అతని దగ్గర బిందెడు రసం, పిప్పి తెచ్చాను. గంజ్ బజారులో నల్లబెల్లం కొన్నాను. పెద్ద గిన్నెలో వేసి మరిగించాను. ఇల్లంతా కమ్మగా గుమగుమలాడింది. అవ్వ మంచం మీద నుంచే, “బూరెలు చేస్తున్నవా బిడ్డా? ఎవలొస్తున్నరు?” అంది. నాకు ఏడుపు వచ్చింది, దానికి మళ్లీ కోపం వచ్చింది. కమ్మదనం ఎక్కువైందని, కుళ్లు తక్కువైందని అర్థమయ్యింది. మిగిలిన బెల్లం నీళ్లూ తడి పిప్పీ ఒక బకెట్‌లో వేసి పెరట్లో మూతపెట్టి పులియబెట్టాను. కొన్ని రోజులకు పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, “అక్కా, మీ ఇంట్ల సారా గాస్తున్నరా ఏంది? పోలీసులొస్తే నా పేరు చెప్పకురి” అన్నాడు. అది విని అవ్వ నవ్వింది. నవ్వు దగ్గులోకి మారింది, దగ్గు ఆగాక మళ్లీ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం.

బకెట్ మంచం దగ్గరికి తెచ్చి మూత తీశాను. ఆమె కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. “సగం వచ్చింది” అంది. నా శ్రమకు జాలిపడి ఆ సగం ఇచ్చిందని నా అనుమానం.

అప్పుడు గుర్తొచ్చింది గొంగడి. మామకు ఫోన్ చేశాను. ఉందట. దూలం మీద వేలాడుతోందట, బండి అమ్మేసినప్పటి నుంచి దించలేదట. ఎందుకు కావాలో నేను చెప్పేలోపు అవ్వ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. ఫ్యాక్టరీ వాసన కావాలని అన్నకు చెప్పడానికి ఆమెకు సిగ్గేసిందో, ముక్కు పోయిందని బాధపడే మనిషి దగ్గర వాసన మాట ఎత్తలేకపోయిందో. పాత మాటే చెప్పింది.

“సలి పెడుతుందన్నా. నీ గొంగడి తే.”

మామ వెంటనే రాలేదు. రెండు మూడు రోజులు ఆలస్యమైంది. అవ్వ రోజూ వాకిలి వైపు చూసేది. ఆమె ఏం కావాలని చూస్తోందో నాకు తెలుసు కాబట్టి నేను కూడా చూసేదాన్ని.

పొద్దున బస్సుకు వచ్చాడు. గల్లీ మొదట్లో ఉండగా నాకేమీ తెలియలేదు. అరుగెక్కాడు, ఏమీ తెలియలేదు. చేతిలో పెద్ద ప్లాస్టిక్ కవరు, అందులో పెళ్లి బట్టల్లా మడత పెట్టిన గొంగడి. బయటికి తీస్తుంటే బట్టల మధ్య వేసే డాంబరు గోళీలు రెండు నేల మీద పడి దొర్లాయి.

“లేటైంది చెల్లె” అన్నాడు మామ, ఎంతో సంతోషంగా. “నీకు దుమ్ము పడదన్నరంట గద. గొంగడి ఉతకొద్దంటరు, అయినా ఉతికిన. సబ్బుపొడి ఏసి దినమంత నానబెట్టిన. కాలువ విడిచిండ్రు, పారే నీళ్లల్ల తొక్కి తొక్కి పిండిన. ఎంత నల్లగ పోయిందనుకున్నవ్! గట్టు మీద రెండు దినాలు ఎండబెట్టిన. ఇగ సూడు, కొత్త దాని లెక్కుంది.”

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయమేసింది. తప్పెవరిదని తిట్టను? చెల్లె సలి అన్నది, ఆయన నమ్మాడు. ఎనభై దగ్గర పడిన మనిషి నడుం లోతు కాలువలో దిగి, ఆ బరువును తొక్కి పిండి, చెల్లె కోసం శుభ్రంగా తెచ్చాడు. ఎన్నో సీజన్ల వాసన కాలువలో కలిసి పోయింది.

అవ్వ చేతులు చాపింది. ఆయన కప్పాడు. ఆమె గొంగడిని మొహం మీదికి లాక్కుని, అలాగే ఉండిపోయింది. గొంగడి ఆమె ఊపిరికి పైకీ కిందికీ కదిలింది. నాకు తలుపు దగ్గరికే సబ్బు వాసన వస్తోంది.

మామకు హఠాత్తుగా అనుమానం వచ్చింది. “చెల్లె, ఆ పాత ఫ్యాక్టరీ కంపు అంత పోయిందా? ఉంటే చెప్పు, మల్ల ఉతుకుత. నా ముక్కు పాడైంది గద, నాకు తెల్వది.”

అవ్వ గొంగడిని ఇంకా దగ్గరికి లాక్కుంది.

“పోలేదన్నా” అంది అవ్వ. “ఇంక ఉంది.”

“ఉందా?”

“ఉంది. మన సీజన్ వాసన. గట్లనే ఉంది. ఎంత ఉతికినా పోతదా గది?”

మామ మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. మళ్లీ ఉతకాలి కదా అని దిగులు పడతాడనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, పందెం గెలిచినవాడిలా అన్నాడు. “విన్నవా బిడ్డా? నేను చెప్పలే? వాసన ఉంది. నా ముక్కే పాడైంది. గా డాక్టరుకు ఏం తెల్వది.”

జీవితంలో ఎవరితోనూ అవునంటే అవును అనని దాన్ని నేను. “అవును మామా” అన్నాను. “నాకు ఈడికే వస్తుంది.”

ఆ రోజు అవ్వ అన్న ఎదుట కూర్చుని అన్నం తిన్నది. ఆయన చూస్తున్నాడని, గొంగడి భుజాల మీద నుంచి జారనివ్వకుండా, ముద్ద తర్వాత ముద్ద మింగింది. మామను బస్సెక్కించి వచ్చాను. వచ్చేసరికి గొంగడి కాళ్ల దగ్గర ఉంది. పక్కన కూర్చుని అడిగాను, నిజంగా ఏమైనా వచ్చిందా అని.

“సబ్బు” అంది. గొంగడి అంచు సర్దుతూ, “ముక్కు పోయిందనుకుంటే బతుకుతడే. అసలుదే పోయిందని తెలిస్తే ఆయన ఎట్ల బతుకుతడు?” అంది. తన సంగతి చెప్పలేదు.

ఎండలు ముదరకముందే అవ్వ పోయింది. ఫ్యాక్టరీ నడిచే రోజులైతే అప్పటికింకా సీజనే. ఆమె కోరిన ఒక్కటి మేమెవరం ఇవ్వలేకపోయాం. గొంగడిని మామ తిరిగి తీసుకెళ్లాడు.

మొన్నటి కార్తీకంలో మామను చూడటానికి బోధన్ బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని తలానించి కళ్లు మూసుకున్నాను. మలుపు వచ్చింది. నాకు తెలుసు, ఒళ్లు పక్కకు ఒరిగింది కాబట్టి. గాలి మారలేదు. బస్సులో ఎవరూ కొంగు తీయలేదు, దస్తీ తీయలేదు. నా ముందు సీటులో పిల్లలు ఫోన్‌లో ఏదో చూసుకుంటూ నవ్వుతున్నారు. ఎవరైనా ముక్కు మూసుకుని ఛీ అంటే బాగుండునని, వాళ్ల భుజం తట్టాలని, నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను.

మామ బావి దగ్గర చెరుకు చెక్కలో ఉన్నాడు. బాగా వంగిపోయాడు. చలికి అదే గొంగడి కప్పుకున్నాడు. నన్ను చూసి మంచిచెడ్డా ఏమీ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని చెరుకు మధ్యలోకి తీసుకెళ్లి నిలబెట్టాడు. మొహం పైకెత్తాడు. నన్నూ ఎత్తమన్నాడు.

“నాకైతే తెల్వది బిడ్డా. మీ అవ్వ ఉన్నప్పుడు ఆమెకు తెలిసేది. ఇగ నీకే తెల్వాలె. సూడు, వస్తుందా?”

వరి కోసిన మళ్ల నుంచి ఎండుగడ్డి వాసన వస్తోంది. అంతే. ఇంకేమీ లేదు.

“వస్తుంది మామా” అన్నాను. ఆయన నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. నా గొంతు ఆయనకు చాల్లేదు. అప్పుడు నాకు తోచింది అదొక్కటే. “అబ్బ, ఏం వాసన మామా! ఎట్లుంటరు ఈడ?” అని కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

మామ నవ్వాడు. పళ్లు లేని నోటితో, గొంగడి కదిలేలా నవ్వాడు. నవ్వుతూనే నా కొంగు పట్టుకుని లాగబోయాడు.

“ముక్కు మూయకు బిడ్డా. గది మన అన్నం.”

నేను తీయలేదు. కొంగు అప్పటికే తడిసిపోయింది. అది ఆరేదాకా వాసన వాసన అంటూ అక్కడే నిలబడ్డాను.